బాపు లైనులో లేని ఇల్లు

ఇది ఒక డాక్టరు పరువు పోయిన కథ. ఆ డాక్టరును నేనే. అప్పటికింకా డాక్టరును కాలేదనుకోండి, మెడికల్ కాలేజీలో చేరి రెండు నెలలైనా నిండలేదు. పరువు పోవడానికి పట్టా చేతికి వచ్చేదాకా ఆగనక్కర్లేదని నాకు ఆ రోజే తెలిసింది. ఒక బర్రె, ఒక హెల్మెట్, ఒక రిటైర్డ్ పంతులమ్మ, మా బాపు, అంటే మా నాన్న, కలిసి ఆ పని పూర్తి చేశారు. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నేనూ ఇప్పుడు నవ్వుతూనే చెబుతున్నాను.

మా ఇల్లు బహదూర్‌పురాలో. ఇంటి వెనక కొట్టం, కొట్టంలో ఆరు బర్రెలు. తాత కాలం నుంచీ మాది అదే పని. తెల్లవారక ముందే లేవడం, పెండ తీయడం, పాలు పిండడం, క్యాన్లు కడగడం. తవుడు, పత్తిచెక్క అయిపోతే బాపు ఉస్మాన్‌గంజ్ వెళ్ళి ట్రాలీ ఆటోలో బస్తాలు వేసుకొచ్చేవాడు. రోజూ పొద్దున టీవీఎస్ బండికి రెండు వైపులా క్యాన్లు కట్టుకుని కిషన్‌బాగ్ నుంచి పురానాపూల్ దాకా ఇళ్ళకు పాలు పోసొచ్చేవాడు. పాలవాళ్ళు దాన్ని లైను అంటారు. ఫలానా ఇల్లు మా లైనులో ఉందంటే ఆ ఇంటి పిల్లలు మా పాలు తాగి పెరిగారని అర్థం.

ఆ ఆరింటిలో ఒకదాని పేరు చంద్రి. నుదుటి మీద తెల్లచుక్క ఉంటుంది. పుట్టిన నాలుగో రోజే తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి నేనే పెంచాను. అది నన్ను తల్లి అనుకుంది. ఆ విషయంలో నేను కూడా దాన్ని సరిదిద్దలేదు.

ఇక నా రోగం సంగతి. డాక్టరు సీటు కోసం కోచింగ్‌కు వెళ్ళే రోజుల్లో ఒక పొద్దున నా పక్కన కూర్చున్న అబ్బాయి రెండుసార్లు ముక్కు ఎగబీల్చాడు. తర్వాత పుస్తకాలు సర్దుకుని వెనక బెంచీకి వెళ్ళిపోయాడు. ఒక్క మాట కూడా అనలేదు. ఏదైనా అని ఉంటే నేనూ నాలుగు తిట్టి మరచిపోయేవాణ్ణి. ఆ సాయంత్రం ఇంటికొచ్చి సబ్బు అరిగిపోయేలా రెండుసార్లు స్నానం చేశాను. తెల్లారి మళ్ళీ కొట్టం, మళ్ళీ పాలు, మళ్ళీ అదే వాసన. ఆ రోజు నుంచి డాక్టరు కావాలన్న కోరిక కంటే కొట్టానికి దూరంగా ఎక్కడికైనా వెళ్ళిపోవాలన్న కోరికే నాకు ఎక్కువైంది. ఈ సంగతి బాపుకు తెలియకూడదు. నాకున్న భయమంతా అదే. నీ ఒంటి వాసనంటే నాకు సిగ్గుగా ఉందని కన్నతండ్రికి ఎవరు మాత్రం చెప్పగలరు?

ర్యాంకు వచ్చింది. ఊరేగింపు తీసేంతది కాదుగానీ ఎక్కడో ఒకచోట సీటు ఖాయం. కాలేజీలను ఎంచుకుని వరుసగా ఆన్‌లైన్‌లో పెట్టాలి. ముందు రాసినది ముందు దొరుకుతుంది. బుద్ధిమంతులు ఆ కాలేజీ ఆసుపత్రికి రోగులు వస్తారా, పాఠాలు చెప్పేవాళ్ళు ఉన్నారా అని ఆరా తీస్తారు. నేను పెట్టుకున్న కొలత ఒక్కటే: కొట్టం నుంచి ఎన్ని కిలోమీటర్లు? ఫోనులో మ్యాపు తెరిచి, ఒక్కో కాలేజీ దూరం చూసి, కాగితం మీద రాసుకున్నాను. అన్నిటికంటే పైన బార్కస్ దారిలో ఉన్న ఒక ప్రైవేటు కాలేజీ, ఆరు కిలోమీటర్లు. అడుగున ఆదిలాబాద్, మూడు వందల పైచిలుకు. ఆదిలాబాద్ పక్కన చిన్న నక్షత్రం కూడా గీసుకున్నాను. అంత దూరం ఏ బర్రె వాసనా నడిచి రాలేదు కదా.

ఆ కాగితం పట్టుకుని మా గల్లీ మొదట్లో నెట్ సెంటర్ నడిపే యూసుఫ్ భాయ్ దగ్గరికి వెళ్ళాను. అది ఆఖరి రోజు. యూసుఫ్ భాయ్ కళ్ళజోడు తుడుచుకుంటూ నా నంబరు కొట్టి లాగిన్ చేశాడో లేదో, ఫోను మోగింది. అమ్మ.

"ఒరే శ్రీశైలం, చంద్రి తాడు తెంపుకొని పోయిందిరా! జూపార్కు రోడ్డు దిక్కు ఉరికింది. బాపు ఇంట్ల లేడు. జల్దీ రా!"

"భాయ్, ఈ లిస్టు ప్రకారం పెట్టెయ్. నేను రెండు నిమిషాల్ల వస్త," అని కాగితం ఆయన చేతిలో పెట్టి పరుగెత్తాను.

పాఠకులారా, కాగితాన్ని కింది నుంచి పైకి చదవాలని నాకు తెలుసు. కాగితానికీ తెలిసే ఉంటుంది. యూసుఫ్ భాయ్‌కు మాత్రం నేను చెప్పలేదు.

చంద్రి జూపార్కు గోడ పక్కన నిలబడి, ఎవరో పారేసిన మక్కబుట్టల పొట్టు తింటోంది. దాని వెనక నాలుగు బస్సులు, లెక్కలేనన్ని ఆటోలు ఆగి హారన్లు కొడుతున్నాయి. మెడలోని తాడు ముక్క పట్టుకుని లాగాను. అది నన్ను లాగింది. అంతలో మళ్ళీ ఫోను మోగింది. ఈసారి యూసుఫ్ భాయ్.

"మియా, ఓటీపీ ఆయా క్యా? ఫ్రీజ్ చేసి లిస్ట్ పక్కా చేయాలె. టైం అయిపోతుంది."

"ఒక్కసారి నేను వచ్చి చూస్త భాయ్!"

"అరే, సర్వర్ బంద్ అయితే మళ్ళ నన్ను అనొద్దు. చెప్తవా లేదా?"

ఒక చేతిలో తాడు, ఒక చేతిలో ఫోను. చంద్రి రోడ్డు మధ్యకు నడుస్తోంది. నేను దాని వెనక జారుకుంటూ ఓటీపీ అంకెలన్నీ అరిచి చెప్పాను. ఒక ఆటో డ్రైవరు కూడా తల బయటపెట్టి శ్రద్ధగా విన్నాడు. నా భవిష్యత్తు అలా ఫ్రీజయింది.

సీట్లు ప్రకటించిన రోజు ఫోనులో మెసేజ్ చూసి, నెట్ సెంటర్‌కు ఉరికాను. "భాయ్, ఇదేంది? ఆరు కిలోమీటర్లది ఎట్ల వచ్చింది?"

యూసుఫ్ భాయ్ సొరుగులోంచి నా కాగితం తీసి బల్ల మీద పరిచాడు. "నీదే లిస్ట్ హై మియా. పై నుంచి కిందికి. నంబర్ ఏక్ ఇది. నంబర్ ఏకే దొరికింది. ముబారక్! రోతా కైకు? ఏడుస్తవేంది?"

ఇంట్లో ఆ రోజు పండుగ. బాపు పాలకోవా చేయించి లైనులో ప్రతి ఇంటికీ పంచాడు. "ఇంటి పక్కనే సీటు! నా కొడుకు కండ్ల ముందర్నే ఉంటడు," అని పోసిన ప్రతి గిన్నె దగ్గరా చెప్పాడట. నేను మూలన కూర్చుని కోవా తింటూ ఆదిలాబాద్‌ను తలుచుకున్నాను.

అయినా ఓడిపోలేదు. హాస్టల్ ఉంది కదా! కాలేజీలో వార్డెన్ నా అడ్రసు చదివి, కళ్ళజోడు మీదుగా నన్ను చూశాడు.

"మీ ఇంటి నుంచి ఇక్కడికి ఎంత దూరం?"

"ఆరు కిలోమీటర్లు సార్."

"నేను రోజూ పద్దెనిమిది కిలోమీటర్లు వస్తున్న. నాకు ఇస్తారా హాస్టల్? పో, బస్సులో రా."

ఇక్కడ నేను నిజాయితీగా ఇంటికి వెళ్ళి ఉంటే ఈ కథ లేదు. నేనేం చేశానంటే, ఆ సాయంత్రం బాపు ముందు నిలబడి, "కాలేజీ రూలు బాపు. ఫస్టియరోళ్ళందరు హాస్టల్‌లనే ఉండాలె," అని చెప్పాను.

బాపు చేతిలో కుడితి బకెట్టు ఉంది. దాన్ని మెల్లగా కింద పెట్టాడు. "ఆరు కిలోమీటర్లకు గూడనా?"

"ఆరుకైనా అరవైకైనా గంతే. రూలు."

"మరి రూలంటే పాటించాల్నే," అన్నాడు. అంతే. రాత్రి నా పరుపు చుట్టి, కొట్టంలోంచి కొత్త తాడు తెచ్చి తానే కట్టాడు. వచ్చి దింపుతానంటే వద్దన్నాను. క్యాన్ల బండి మీద కాలేజీ ముందు దిగడం ఊహించుకుని మరీ వద్దన్నాను. ఇది నవ్వుకునే చోటు కాదు.

కాలేజీ చుట్టుపక్కల గది వెతకడం మొదలుపెట్టాను. మొదటి గేటు మీద 'ఓన్లీ ఫ్యామిలీ' బోర్డు. రెండో ఇంటాయన బ్యాచిలర్లకు ఇస్తానుగానీ వాళ్ళు బ్యాచిలర్లలా ఉండకూడదన్నాడు. అదెలాగో ఆయన చెప్పలేదు. మూడో ఇంటాయన నేను మెడిసిన్ అనగానే కుర్చీ వేసి కూర్చోబెట్టి, ప్యాంటు మడిచి, రెండు మోకాళ్ళూ చూపించాడు. నాకు అప్పటికి మోకాలి చిప్ప ఎముక పేరు కూడా పూర్తిగా రాదు. "తగ్గుతుంది, వేడి నీళ్ళ కాపడం పెట్టండి," అన్నాను. "అది మా ఆవిడ కూడా చెప్పింది," అని గది ఇవ్వనన్నాడు.

నాలుగో ఇల్లు సుభద్రమ్మ గారిది. కాకినాడ దగ్గరి ఊరు వాళ్ళది. భర్త ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. ఆయన పోయి అయిదారేళ్ళయింది. ఆమె సర్కారు బడిలో లెక్కల పంతులమ్మగా చేసి రిటైరయ్యారు. నన్ను గుమ్మంలో నిలబెట్టి మౌఖిక పరీక్ష పెట్టారు.

"ఏ ఊరు బాబూ మీది?"

"ఆదిలాబాద్ అండి." నక్షత్రం గీసుకున్న ఊరు కదా, నోట్లోనే ఉంది.

"అంత దూరం నుంచా, పాపం! నాన్నగారేం చేస్తారు?"

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. ఒక్క క్షణం తడబడి, "పశుసంవర్ధక శాఖలో అండి," అన్నాను. పశువులను పెంచుతాడు కదా, పూర్తి అబద్ధం కాదులే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. పూర్తి అబద్ధమే. ఆ మాట అన్నాక నాలుక మీద అదోలా చేదు తగిలింది. గది మాత్రం దొరికింది.

గేటు గడియ విరిగి, గాలికి రాత్రంతా కొట్టుకుంటుంటే మర్నాడు నా పరుపు తాడు తీసి గట్టిగా కట్టేశాను. సుభద్రమ్మ గారు మురిసిపోయారు. "చూడ్డానికి మెతకలా ఉన్నావుగానీ పనిమంతుడివే!"

మొదటి వారం హాయిగా గడిచింది. ఇస్త్రీ చొక్కా, సెంటు, ముందు బెంచీ. రోజూ సాయంత్రం అమ్మకు ఫోను చేసి హాస్టల్ కబుర్లు కల్పించి చెప్పేవాణ్ణి. చంద్రి అప్పటికి నిండు చూలుతో ఉంది. తొలిసూలు. ఎలా ఉందో అడగాలని ప్రాణం కొట్టుకునేది. అయినా పక్కగదిలోకి వినపడుతుందని అడిగేవాణ్ణి కాదు. ఆదిలాబాద్ ఆఫీసరు కొడుకు బర్రె ఆరోగ్యం అడగడం బాగుండదు కదా.

పదో రోజు పొద్దున సుభద్రమ్మ గారు నా చేతిలో పాలగ్లాసు పెట్టారు. "ప్యాకెట్టు పాలు మాన్పించేశానోయ్. ఎవరో పాలాయన తనంతట తనే వచ్చి అడిగాడు. చిక్కటి గేదె పాలు. తాగి చూడు."

ఒక్క గుక్క తాగాను. ప్రపంచంలో ఎక్కడ ఇచ్చినా ఆ రుచి నేను గుర్తుపడతాను. పదిహేడేళ్ళు తాగాను. అయినా మనసు ఒప్పుకోలేదు. బాపు లైను పురానాపూల్ దాటదు. మర్నాడు ఆరింటికి గేటు బయట టీవీఎస్ ఆగింది. "పాలమ్మా!" అన్న కేక వినపడింది.

నేను బాత్రూములోకి దూకి గడియ పెట్టుకుని నల్లా తిప్పాను.

నా దురదృష్టానికి నేనే జాలిపడ్డాను. ఇంత పెద్ద హైదరాబాదులో, ఇన్ని లక్షల గుమ్మాలుండగా, మా బాపు కొత్తగా పట్టుకున్న గుమ్మం ఇదా! అప్పటి నుంచి రోజూ ఆరింటికి బాత్రూమే నా స్టడీ రూము. ఎముకల పేర్లు సగం అక్కడే బట్టీ కొట్టాను.

"పాలాయన వచ్చే వేళకే నీకు స్నానం గుర్తొస్తుందేంటయ్యా?" అనేవారు సుభద్రమ్మ గారు. "పాపం ఎంత మంచాయనో! పాలు పోసేవాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని రావడం నేనెక్కడా చూడలేదు. తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని, పెళ్ళికి వచ్చినట్టు వస్తాడు. కొలత మీద రోజూ ఇంకాస్త పోస్తాడు. ఎందుకయ్యా అంటే, ఇంట్ల చదువుకునే పిల్లగాడున్నడన్నరు కదమ్మా అంటాడు."

బాపుకు ఇస్త్రీ చొక్కా ఒక్కటే ఉంది. పెళ్ళిళ్ళకు వేసుకునేది. పంతులమ్మ గారి ఇల్లు కదా, కొత్త గిరాకీ కదా, అందుకే వేసుకొస్తున్నాడు కాబోలు అనుకున్నాను. చూడండి, మెడికల్ సీటు వచ్చినవాడి తెలివి ఇంతే.

ఇలా ఆరు వారాలు గడిచాయి. ఒక ఆదివారం నేను వరండాలో కూర్చుని నోట్సు రాసుకుంటున్నాను. టీవీఎస్ చప్పుడు అయింది. లేచి బాత్రూముకు పరుగెత్తబోతే తలుపుకు తాళం. నల్లా బాగుచేసే మనిషి వచ్చేదాకా నీళ్ళు వాడొద్దని సుభద్రమ్మ గారు వేశారు. అంతలో గేటు దగ్గర ఆమె గొంతు పెద్దదైంది.

"నాలుగు రోజులుగా చూస్తున్నాను, పాలు పల్చగా ఉంటున్నాయి. మంచాయనవనుకున్నాను. నువ్వూ నీళ్ళు కలపడం మొదలెట్టావా?"

"కలపలేదమ్మా. నా పిల్లల మీద ఒట్టు."

"ఒట్లు నాకక్కర్లేదు. మా ఇంట్లో డాక్టరు ఉన్నాడు, తేలుస్తాడు. ఏమయ్యా శ్రీశైలం! ఇలా రా! నీళ్ళు కలిపాడో లేదో చూసి చెప్పు!"

పారిపోవడానికి దారి లేదు. ఉన్న ఒక్క దారిలో బాపు నిలబడ్డాడు. వరండా గోడకు, సుభద్రమ్మ గారి భర్త నడిపిన స్కూటరు తాలూకు హెల్మెట్ మేకుకు వేలాడుతోంది. తీసి తలకు తగిలించుకున్నాను. నల్లటి అద్దం కిందికి దించాను. లుంగీ, బనియను, హెల్మెట్. ఆ అవతారంతో గేటు దగ్గరికి నడిచాను.

"ఇదేం వేషమయ్యా? ఆయన హెల్మెట్ ఎందుకు పెట్టుకున్నావు?"

"చెవి పోటండి. గాలి తగలకూడదు," అన్నాను, గొంతు మార్చి. లోపల నా గొంతు నాకే బావిలోంచి వస్తున్నట్టుంది.

"ఉండనీయండమ్మా," అన్నాడు బాపు. "డాక్టర్‌సాబ్‌కు పొద్దటి గాలి పడదేమో. నిమ్మళంగ చూడనీయండి." మొహంలో ఏ మార్పూ లేదు. హమ్మయ్య, గుర్తుపట్టలేదు అనుకున్నాను.

సుభద్రమ్మ గారు పాలగిన్నె నా ముందుకు చాపారు. ఇప్పుడు నేను పాలు చూసీ చూడనట్టు చూసి, కలపలేదండి అని ఒక్క మాట చెప్పి లోపలికి పోవాలి. కానీ నా తండ్రిని నా కళ్ళముందు దొంగ అంటున్నారు. నా చేయి నా మాట వినలేదు. వేలు ముంచి ఒక చుక్క బొటనవేలి గోరు మీద వేసి వంచాను, చిన్నప్పుడు బాపు నేర్పినట్టు. చుక్క నిలబడింది. మెల్లగా, చిక్కగా జారింది. నీళ్ళు లేవు. అయినా పలుచనే. మరెందుకు? అద్దం పైకి ఎత్తి, వేలు నాలుక మీద పెట్టుకున్నాను. వెనకాల ఎక్కడో కాస్త ఉప్పన. జున్నుపాల రోజులు దాటిన కొత్త పాలు. తొలిసూలు బర్రె పాలు.

ఆ తర్వాత నేను అన్న మాట ఇప్పటికీ మా ఇంటి పెళ్ళిళ్ళలో చెప్పుకుని నవ్వుకుంటారు.

"చంద్రి ఈనిందా బాపూ!" అని అరిచాను.

హెల్మెట్లోంచి ఆ అరుపు వీధంతా వినపడింది. ఎదురింటి మేడ మీద బట్టలు ఆరేస్తున్నావిడ ఆగిపోయి చూసింది.

బాపు క్యాను మూత మెల్లగా పెట్టాడు. "ఈనింది బిడ్డా. ఇరవై దినాలాయె. పెయ్యదూడ. నుదుట్ల దానిలెక్కనే సుక్క. నాలుగు దినాలసంది దాని పాలే ఈడికి తెస్తున్న."

"మంచిగున్నదా? తొలిసూలు కదా, కష్టపడ్డదా?"

"రాత్రంత నిలవడ్డది. నువ్వుంటే నిమ్మళంగ ఈనేది. మీ అమ్మ నీకోసం జున్నుపాలు ఫ్రిజ్‌ల గడ్డ కట్టించి పెట్టింది. హాస్టల్‌కు ఎట్ల పంపాల్నో తెల్వక ఆగింది."

సుభద్రమ్మ గారు నా వైపు, బాపు వైపు, గిన్నె వైపు మార్చి మార్చి చూశారు. "ఆగండాగండి. ఎవరీ చంద్రి? బాపు అంటే నాన్న కదూ? మీ నాన్నగారు ఆదిలాబాద్‌లో పశుసంవర్ధక శాఖ అన్నావు కదయ్యా?"

నేను హెల్మెట్ తీయలేదు. తీసే ధైర్యం లేదు. బాపే జవాబు చెప్పాడు.

"నిజమేనమ్మా. ఆరు బర్రెల శాఖ. అండ్ల నేనే ఆఫీసరు, నేనే జవాను."

ఆయన నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం హెల్మెట్ లోపల కళ్ళు మసకబారాయి. అద్దం మళ్ళీ కిందికి దించుకుంటే దాని మీద తడి కమ్ముకుంది. అలాగే అడిగాను. "నీకు ఎప్పటిసంది ఎరుక బాపు?"

"నువ్వు అచ్చిన మూడో దినం. అమ్మ పచ్చడి పంపితే హాస్టల్‌కు పోయిన. గా పేరుతోని ఎవ్వరు లేరన్నరు. గుండె జల్లుమన్నది. ఈ గల్లీలన్ని తిరిగిన. గీ గేటు కాడ ఆగిన." గేటుకు నేను కట్టిన తాడు చూపించాడు. "ఇది దూడను కట్టే ముడి. ఈ దిక్కు నా కొడుకు కాకపోతే గేటుకు దూడ ముడి ఎవడేస్తడు?"

"మరి పిలవకపోతివి?"

"ఎట్ల పిలుస్త? నీకు మన కొట్టం వాసన పడ్తలేదని నాకు శాన దినాలసంది ఎరుకే. కోచింగ్‌కు పోయే కాలంల రెండుసార్లు తానం చేస్తుంటివి కద. అందుకే పిలువలె. ఒక్కసారి సూసి పోదామని పాలు పోసుడు మొదలువెట్టిన. వాసన రావద్దని పాలు పిండినంక మళ్ళ తానం చేసి, గీ అంగీ ఏసుకొని అస్తున్న. ఇప్పుడు గూడ వాసనస్తున్నదా బిడ్డా?"

ఆయన పెళ్ళిళ్ళ చొక్కా రోజూ ఇస్త్రీ చేసి చేసి కాలరు దగ్గర పీచు లేచింది. నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నది ఆయన కొడుకునని తెలియకూడదని. ఆయన వేసుకున్నది నా తండ్రి అని ఎవరైనా అంటే నాకు సిగ్గుగా ఉండకూడదని.

సుభద్రమ్మ గారు కొంగుతో ముక్కు తుడుచుకున్నారు. "ఒక్క మాట, పాలాయన గారూ. పక్కింటావిడ బతిమాలినా పాలు లేవన్నారు. ఈ వైపు మీకు ఎన్ని ఇళ్ళున్నాయి?"

"ఒక్కటేనమ్మా," అన్నాడు బాపు. "గీ ఇల్లు నా లైన్ల లేదు. పురానాపూల్ కాడ లైను పోసుడు అయినంక, మీకోసం పక్కకువెట్టిన పాలు తెస్తున్న."

ఆరు కిలోమీటర్లు. నేను కాగితం మీద రాసుకుని పారిపోదామనుకున్న దూరం. ఆయన రోజూ వచ్చి, ఒక గిన్నె పాలు పోసి, బాత్రూములో నల్లా చప్పుడు విని, కొడుకు బాగానే ఉన్నాడనుకుని తిరిగి వెళ్ళాడు.

హెల్మెట్ తీద్దామని లాగాను. రాలేదు. సుభద్రమ్మ గారి భర్త తల చిన్నది, నాది పెద్దది. ఏడుపుతో మొహం ఉబ్బింది. సుభద్రమ్మ గారు వెనక నుంచి, బాపు ముందు నుంచి లాగారు. చివరికి గేటుకున్న తాడు విప్పి చుట్టబోతుంటే చెవులు రెండూ ఎర్రబడి, ఈనేటప్పుడు దూడ బయటపడ్డట్టు నా తల బయటపడింది. చెవి పోటు అన్న అబద్ధం అప్పుడు నిజమైంది.

ఆ సాయంత్రమే గది ఖాళీ చేశాను. "గది ఖాళీ చేస్తే చెయ్యి, పాలు ఆపితే మాత్రం ఊరుకోను. అనుమానించినందుకు నాకు సిగ్గుగా ఉంది, కానీ ఆ పాలు లేకపోతే నాకు కాఫీ దిగదు," అన్నారు సుభద్రమ్మ గారు. బాపు నా వంక చూశాడు. మర్నాటి నుంచి బాపు లైను పోసొచ్చాక టీవీఎస్ నా చేతికి వచ్చేది. పొద్దున చంద్రి పాలు నేనే పిండి, ఆమె గిన్నెలో పోసి, క్యాను వాళ్ళ వరండాలో పెట్టి, అటు నుంచి అటే కాలేజీకి వెళ్ళేవాణ్ణి. అయిదున్నరేళ్ళు. కాలేజీ ముందు క్యాను బండి మీదే దిగాను. ఒక్కరూ ముక్కు ఎగబీల్చలేదు. ఎలా ఎగబీలుస్తారు? శవాలు కోసే హాల్లో ఫార్మలిన్ వాసనకు మా అందరి ముక్కులూ ఎప్పుడో చచ్చిపోయాయి. బండి మొరాయించిన సాయంత్రాల్లో బస్సెక్కితే తెల్లకోట్ల పక్క నుంచి జనమే లేచి వెనక సీట్లకు వెళ్ళిపోయేవారు. ఆఫీసర్ల పిల్లలూ, డాక్టర్ల పిల్లలూ, నేనూ, అందరం ఒకేలా కంపు కొట్టేవాళ్ళం. ఆ కంపు తప్పించుకోవడానికి ఆదిలాబాద్ దాకా వెళ్ళాలనుకున్నాను నేను!

ఇప్పుడు నేను నిజంగానే డాక్టరును. సుభద్రమ్మ గారి మోకాళ్ళు కూడా నేనే చూస్తున్నాను. ఆమె ఎవరికి పరిచయం చేసినా, "వీళ్ళ నాన్నగారు పశుసంవర్ధక శాఖ," అని గర్వంగా చెబుతారు. బాపు ఆ మాటకు కాలరు సర్దుకుంటాడు. చంద్రి మనవరాలు ఈ నెలలోనే ఈనాలి.

కనుక, చదువుతున్న మీ అందరి సాక్షిగా, మా ఆరు బర్రెల మీద, వాటి దూడల మీద, యూసుఫ్ భాయ్ సొరుగులో ఇప్పటికీ భద్రంగా ఉన్న ఆ కాగితం మీద చేయి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఏ లిస్టయినా పై నుంచి కిందికే రాస్తాను. మా నాన్న ఏం చేస్తారని ఎవరడిగినా తడుముకోకుండా చెబుతాను. ఇక బర్రె ఈనిందా అని అడగాల్సి వస్తే, ముందు హెల్మెట్ తీస్తాను, బాపు మొహం చూస్తాను, ఆ తర్వాతే అడుగుతాను.